నాలుగో తీర్మానం

మా కులసంఘం తీర్మానాల పుస్తకంలో మొదటి పదకొండు పేజీలు రాసింది నేనే. సంఘానికి కార్యదర్శి మా ఆయన శివరామయ్య. ఆయన రాత కోడి గీకినట్టుంటుంది, నాది గుండ్రంగా ఉంటుంది. బాపట్లలో మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివిన పుణ్యానికి నాకు దక్కిన గౌరవం అది. సంఘంలో ఆడవాళ్లకు సభ్యత్వం లేదు, సభలో నోరు విప్పే వీలు లేదు. మగవాళ్లు అన్న మాటల్ని అందంగా రాసి పెట్టడానికి మాత్రం ఒక ఆడదాని చెయ్యి కావలసి వచ్చింది. నా పేరు వెంకటసుబ్బులు. ఆ పుస్తకంలో ఆ పేరు ఎక్కడా కనపడదు.

అరవై మూడులో బాపట్లలో ఒక సత్రంలో సంఘం మొదటి మహాసభ జరిగింది. రేపల్లె అవతలున్న మా పల్లె నుంచీ, సముద్రం ఒడ్డున ఉన్న మిగతా పల్లెల నుంచీ రెండు వందల మంది మగవాళ్లు ఆ రోజుకి వేట మానుకుని వచ్చారు. ఏడు తీర్మానాలు చేశారు. పిల్లల్ని బడికి పంపాలన్నది మొదటిది. దొంగసారా ముట్టకూడదన్నది రెండోది. సభ అయిన సాయంత్రమే సగం మంది దాన్ని మరిచిపోయారు, ఎవరూ వాళ్లని ఏమీ అనలేదు. నాలుగోది ఇది: "ఇక మీదట మన కులంలో మారుమనువులు ఉండరాదు. మొగుణ్ణి వదిలి గాని, మొగుడు పోయాక గాని ఇంకొకరిని కట్టుకున్న స్త్రీనీ, ఆమెను ఏలుకున్నవాణ్ణీ కులం నుంచి వెలివేయవలెను." చిత్తుకాగితం మీద గిలికి తెచ్చిన ఆ ముక్కల్ని తెనాలిలో మా వంటింటి గుమ్మంలో కూర్చుని నేను సాపు రాశాను. అక్షరం తప్పు ఒక్కటి కూడా దొర్లనివ్వలేదు.

అప్పుడు మా అత్త అంజమ్మ నా పక్కనే కూర్చుని చేపలు తోముతోంది. రెండు రోజులు ఉండి పోదామని పల్లె నుంచి వచ్చింది. రాసింది చదవమంటే చదివాను. నాలుగోది వినగానే ఆమె చెయ్యి ఆగింది.

"నా గురించేనా అది?" అంది.

ఆమె గురించే. అది తెలియాలంటే మా పద్ధతి తెలియాలి. మా వాళ్లలో మొగుడితో పడకపోతే ఆడది కులపెద్ద ఇంటి ముందు నలుగుర్నీ కూర్చోబెట్టేది. రెండుసార్లు సర్దిచెప్పి పంపేవాళ్లు. మూడోసారి కూడా వస్తే మొగుడూ పెళ్లాల చేతికి ఒక గడ్డిపరక ఇచ్చేవాళ్లు. చెరో కొసా పట్టుకుని తెంపితే తెగిపోయినట్టే. తర్వాత మనసైనవాడు దొరికితే మారుమనువు. దానికి పందిరీ బాజాలూ ఉండవు. ఒక సాయంత్రం కొత్త చీర, కొత్త గాజులు, నలుగురు ఆడవాళ్లు, కులపెద్ద మాట, అంతే. మొగుడు పోయినదానికైతే ఆ గడ్డిపరక కూడా అక్కర్లేదు. మా అత్త మొదటి మొగుడితో అలాగే తెంపుకుంది. అతనికి పుట్టిన కూతురు మా వదిన గంగరత్నం. రెండో ఆయనకి పుట్టినవాడు మా ఆయన.

ఆ మొదటి మొగుడు రెండు వీధుల అవతల ఇంకొకామెను కట్టుకుని సుఖంగానే బతికాడు. మా పెళ్లికి పెద్ద పండుగప్ప చేపను భుజాన వేసుకుని వచ్చి, పంక్తిలో కూర్చుని భోజనం చేసి, నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించి వెళ్లాడు. వదిన చిన్నప్పుడు ఒక పూట ఆ ఇంట్లో తినేది, ఒక పూట ఈ ఇంట్లో తినేది. ఎవరి మూతీ వంకర పోలేదు. ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుందని మాకు ఎవరూ చెప్పలేదు.

తెనాలిలో చెప్పారు. మా ఆయనకి అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చాక ఈశ్వరమ్మ గారని ఒకావిడ ఇంట్లో వెనక వాటా అద్దెకు తీసుకున్నాం. నెల తిరక్కుండానే ఆవిడ నూతి దగ్గర నన్నడిగింది, మీలో ఆడవాళ్లు మొగుళ్లని మారుస్తారటగా అని. చెడ్డ మనిషేం కాదు, మీ ఊళ్లో వానలు పడ్డాయా అన్నట్టు అడిగింది. నేను అవునండి అనబోయాను. లోపలి నుంచి మా ఆయన పరుగున వచ్చి, పూర్వం ఉండేదండి, ఇప్పుడెవరూ చెయ్యట్లేదండి అని చెప్పేశారు. ఆ పూట ఆయన అన్నం తినలేదు. ఆ రోజు నుంచి మా అత్త ఒకే మొగుడి పెళ్లాం అయిపోయింది. గంగరత్నం వదిన మా ఆయనకి పెద్దమ్మ కూతురైపోయింది. నన్నూ అలాగే చెప్పమన్నారు, చెప్పాను. మొదటిసారి నాలుక తడబడింది, రెండోసారికి అలవాటైపోయింది.

మా అత్త అడిగిన మాటకి జవాబు ఆయనే చెప్పారు. ఇక మీదట అనే కదమ్మా రాశాం, నీకేం సంబంధం అన్నారు. ఆమె చేతిలో చేపని పక్కన పెట్టింది.

"మీ నాయన్ని నేను కట్టుకోకపోతే నువ్వెక్కడుండేవాడివిరా?" అంది.

ఆయన చొక్కా తొడుక్కుని బజారుకి వెళ్లిపోయారు. మా అత్త మిగిలిన చేపలన్నీ తోమి, చేతులు కడుక్కుని, నేను ఎంత బతిమాలినా వినకుండా రేపల్లె బండికి వెళ్లిపోయింది. తర్వాత ఆరేళ్లు బతికింది గాని మా గడప తొక్కలేదు.

ఆ తీర్మానం ఎవరి నెత్తిన పడుతుందో అప్పుడు మేమెవరమూ ఆలోచించలేదు. ఊళ్లో ఎవరో ఒకరి నెత్తిన పడుతుందనుకున్నాం. రెండేళ్లు తిరక్కుండా మా ఇంటి మీదే పడింది.

వదిన మొగుడు నాగులు అరవై ఒకటిలో మరబోటు మీద పనికని కాకినాడ పోయాడు. అక్కడ ఒకామెతో కాపురం పెట్టాడు. గంగమ్మ జాతరకి ఒకసారి ఆమెను వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. పల్లెలో వాళ్లిద్దరికీ కోడిని కోసి వండిపెట్టారు, ఆమెకి రవికెల గుడ్డ కూడా పెట్టి పంపారు. నాలుగో తీర్మానంలో పెళ్లాన్ని వదిలి ఇంకొకామెను కట్టుకున్న మగవాడి మాట ఎక్కడా లేదు. రాసినదాన్ని నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

వదినకి పిల్లల్లేరు. పొడుగ్గా, నల్లగా, నవ్విందంటే వీధి చివరికి వినపడేలా ఉండేది. పొద్దున్నే ఒడ్డుకి వెళ్లి పడవల దగ్గర చేపలు కొని, బస్సులో రేపల్లె తీసుకుపోయి మార్కెట్లో అమ్మేది. ఆ పడవల్లో ఒకదాని మీద సింగయ్య ఉండేవాడు. అతని పెళ్లాం రెండో కాన్పులో పోయింది. ఐదేళ్ల ఆడపిల్ల, తల దువ్వే దిక్కు లేక జుట్టు అట్టలు కట్టి ఒడ్డున తిరుగుతుండేది. వదిన మొదట ఆ పిల్లకి తల దువ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. మా అత్త చూసింది, సంతోషించింది. పాత రోజులైతే ఒక సాయంత్రంతో అయిపోయే పని.

వాళ్లు కులపెద్ద దగ్గరికి వెళ్లారు. ఆయన పేరు తాతయ్య, మెత్తని మనిషి. నాకేం అభ్యంతరం లేదమ్మా, బాపట్లలో వేలిముద్ర వేసొచ్చాను, మీ తమ్ముడే వేయించాడు, అతను ఒక్క ఉత్తరం ముక్క రాసిస్తే చేయించేస్తాను అన్నాడు. ఆ ఉత్తరం కోసం అరవై ఐదు వేసవిలో వదిన రేపల్లె బండెక్కి తెనాలి వచ్చింది.

గంపను వీధిలోనే పెట్టి లోపలికొచ్చింది, వాసనకి ఈశ్వరమ్మ గారు ఏమైనా అంటుందని. మా అమ్మాయి కృష్ణవేణి అత్తా అంటూ మెడకి చుట్టుకుంది. ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా వదిన నాతో వంటింట్లో కూర్చుని మాట్లాడింది. సింగయ్య ఎంత మంచివాడో, తాగినా ఎలా ఊరుకుంటాడో, ఆ పిల్ల తనని ఏమని పిలుస్తుందో అన్నీ చెప్పింది. చివరికి దాపరికం లేకుండా అసలు మాట అంది.

"నాలుగేళ్లయింది సుబ్బులూ ఒంటిగా పడుకుని. వాడు పక్కనుంటే బాగుంటది. ఒళ్లేమన్నా చేపా, ఎండబెట్టి దాచుకోడానికి?"

నేను వెంటనే గోడ వైపు చూశాను. అవతలున్న ఈశ్వరమ్మ గారికి వినపడిందేమోనని నా భయం. మా అమ్మ, మా అమ్మమ్మ, మా అత్త ఇలాంటి మాటలు బియ్యం చెరుగుతూ చెప్పుకునేవాళ్లు. నేనూ విని నవ్వినదాన్నే. పన్నెండేళ్లు తెనాలిలో ఉండి, మాట కంటే ముందు గోడ వైపు చూడటం నేర్చుకున్నాను. వదిన నా చూపు పసిగట్టి గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి వినడం.

ఆయన వచ్చి, విని, వీలుకాదన్నారు. తను పెట్టించిన తీర్మానాన్ని తన ఇంట్లోవాళ్లే తప్పితే సంఘం నిలవదన్నారు. రేపు ఎవరూ మాట వినరన్నారు. వదిన చాలాసేపు బతిమాలింది. తమ్ముడి చేతులు పట్టుకుంది. అసలు ఇది ఎందుకు పెట్టావో అదన్నా చెప్పు అంది.

అప్పుడాయన నాకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసులో కాగితాలు నింపుతుంటే, తండ్రి పేరు దగ్గర పెద్ద గుమాస్తా కలం ఆపి, నలుగురి ముందూ, "ఇది మీ అమ్మని అడిగే రాయిస్తున్నావా శివరామయ్యా?" అన్నాడట. అందరూ నవ్వారట. ఆయన కూడా నవ్వారట.  పాపం, ఆ నవ్వు ఆయన్ని పదేళ్లు కాల్చింది, అది నేను కాదనను. కానీ ఆ మంట తీసుకుపోయి ఎవరి ఇంటికి పెట్టారో చూడండి.

వదిన అంతా విని, "వాడెవడో నవ్వాడని నా కాపురం కూలుస్తావా తమ్ముడూ?" అంది.

 వదిన నా వైపు తిరిగి, నువ్వన్నా చెప్పవే అంది. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. ఏరాల్సిన రాళ్లు అయిపోయినా ఏరుతూనే ఉన్నాను. ఆ రోజు నేను ఒక్క మాట అనుంటే ఆయన మనసు మారేదని కాదు. మారేది కాదు. కానీ ఒక్క మాట అనాల్సింది.

వదిన తెగించింది. ఉత్తరం లేకుండానే, కొత్త చీర కూడా లేకుండా, గంప నెత్తిన పెట్టుకుని సింగయ్య ఇంటికి వెళ్లిపోయింది. వాళ్ల కాపురం ఎనిమిది రోజులు సాగింది. మా వాళ్లని వెలివేయడానికి కత్తులు కటార్లు అక్కర్లేదు. పొలం ఉన్నవాడైతే ఊరంతా కాదన్నా తన గట్టు మీద తను బతుకుతాడు. సముద్రం మీదకి ఒక్కడూ పోలేడు. పడవ నీళ్లలోకి తొయ్యడానికి ఆరుగురు కావాలి, వల లాగడానికి ఆరుగురు కావాలి. పొద్దున్నే సింగయ్య ఒడ్డుకి వెళ్లేసరికి అతని జట్టువాళ్లు అతను లేకుండా పడవ దించేసేవాళ్లు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఇంకో జట్టులో అడిగితే మనుషులు సరిపోయారన్నారు. ఎనిమిది రోజులు ఆ మనిషి ఒడ్డున కూర్చుని తిరిగొచ్చే పడవల్ని చూశాడు. తొమ్మిదో రోజు పొద్దున వదిన పిల్లకి తల దువ్వి, జడ వేసి, తనంతట తనే బయటికొచ్చేసింది. సింగయ్య పొమ్మనలేదట. ఆగమని కూడా అనలేదట.

ఇది జరిగిన నెలలోనే తెనాలిలో ఒక పెళ్లయింది. పెద్ద కులం పిల్ల, ఇరవై ఏళ్లకే మొగుడు పోయింది. సంస్కరణ భావాలున్న పెద్దలు పూనుకుని ఆ పిల్లకి మళ్లీ పెళ్లి చేశారు. హాలు కిటకిటలాడింది. పూలదండలు, ఉపన్యాసాలు, ఫొటోలు. మా ఆయన ఆఫీసు వాళ్లతో కలిసి వెళ్లారు. చప్పట్లు కొట్టి చేతులు ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చి, ఆ పిల్ల తండ్రి ఎంత ధైర్యవంతుడో నాకు వర్ణించి చెప్పారు. ఆ పెద్ద గుమాస్తా కూడా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడట.

 పెళ్లయిన పన్నెండేళ్లలో మొదటిసారి ఎదురు మాట్లాడాను. వదిన అడిగింది కూడా ఇదేగా అన్నాను.

"నీకు తెలియదే. వాళ్లు చేస్తే సంస్కరణ అంటారు. మనం చేస్తే మన బుద్ధే అంత అంటారు" అన్నారు.

ఆయన అన్నది నిజమే. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఒకే పని ఒక వీధిలో చేస్తే దండలు, ఇంకో వీధిలో చేస్తే వెలి. మేము తాతల నాటి నుంచి చేస్తున్నదాన్ని మేము సిగ్గుపడి మానేసే వేళకి, వాళ్లు కొత్తగా కనిపెట్టి పత్రికల్లో వేయించుకున్నారు. మాకు సిగ్గు అంటించినవాళ్లు అది మా దగ్గర వదిలేసి తాము ముందుకెళ్లిపోయారు. దాన్ని మేము మర్యాద అనుకుని పుస్తకంలో రాసి దాచుకున్నాం.

మరుసటి ఏడు సింగయ్యకి వాళ్లమ్మ నిజాంపట్నం వైపు నుంచి ఒక పిల్లని తెచ్చి చేసింది. పెళ్లాం పోయిన మగవాడు, ఏ తీర్మానమూ అడ్డం రాలేదు. పందిరి వేసి, బాజాలతో చేశారు. వదిన అతని పడవ దగ్గర చేపలు కొనడం మానలేదు. మానితే తినేదేముంది? రోజూ పొద్దున ఒడ్డున ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి బేరం ఆడుకునేవాళ్లు. చేపల ధర తప్ప వేరే మాట వాళ్ల మధ్య నడిచేది కాదని పల్లెలో మెచ్చుకోలుగా చెప్పుకునేవాళ్లు.

డెబ్భై మూడులో మా కృష్ణవేణికి పెళ్లి చేశాం. అల్లుడు మా కులంలో మొదటి ఓవర్సీరు. ఏడాది తిరక్కుండానే అతను హైదరాబాదులో ఇంకో అమ్మాయితో ఉంటున్నాడని తెలిసింది. పిల్ల తిరిగి మా ఇంటికొచ్చేసింది. రెండేళ్లు గదిలోంచి బయటికి రాలేదు. ఆయన జుట్టంతా ఆ రెండేళ్లలోనే నెరిసింది. కొత్త చట్టం వచ్చింది, ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టు విడగొడుతుందని ఎవరో చెబితే ప్లీడరు చుట్టూ తిరిగారు. కాగితాలు, వాయిదాలు, సాక్షులు. మా అత్తకి ఒక గడ్డిపరకతో, ఒక సాయంత్రంలో తేలిపోయిన పని మా అమ్మాయికి తేలడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ మాట నేను ఆయనతో అనలేదు. ఆయనకి తట్టకుండా ఉంటుందా?

ఈ లోపల ఒక సంబంధం తనంతట తనే వచ్చింది. బాపట్లలో కాలేజీలో పనిచేసే కుర్రాడు, మావాడే. కృష్ణవేణి సంగతంతా తెలిసే చేసుకుంటానన్నాడు. పిల్ల రెండేళ్ల తర్వాత ఆ రోజు తనే తలంటి పోసుకుంది. కానీ కుర్రాడి తండ్రి ఒక మెలిక పెట్టాడు. సంఘం పుస్తకంలో నాలుగో తీర్మానం ఇంకా ఉంది, రేపు మా మీదికి వెలి వస్తే నా ఇద్దరాడపిల్లలకి పెళ్లిళ్లు కావు, ముందు దాన్ని ఎత్తేయించండి అన్నాడు. మా ఆయన పల్లెకి వెళ్లి తాతయ్య కాళ్లు పట్టుకున్నారు. తాతయ్యకి అప్పటికి చూపు ఆనడం లేదు, మాట మాత్రం గట్టిగానే ఉంది. ఇన్నేళ్లలో ఆ తీర్మానం ఒక్క మనిషికే తగిలింది, ఆమె సభలో నిలబడి ఎత్తేయమంటే ఎత్తేస్తాను, లేకపోతే లేదు అన్నాడు.

ఆ అడిగే పనికి ఆయన వెళ్లలేకపోయారు, నన్ను పంపారు. రేపల్లె మార్కెట్లో వదిన ముగ్గురికి చేపలు కోసి ఇచ్చేదాకా నేను పక్కన నిలబడ్డాను. నలభై ఎనిమిదేళ్లకే ఆమె చేతులు మా అత్త చేతుల్లా అయిపోయాయి. నేను సంగతి చెప్పాను. ఆమె కాదంటే నా కూతురి బతుకు అక్కడితో సరి. కాదనే హక్కు ఆమెకి ఉంది, ఆ హక్కు ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

వదిన కత్తి తుడుచుకుని, "కృష్ణవేణికా? పిల్లోడు మంచోడేనా?" అని అడిగింది. మంచివాడే అన్నాను. వస్తాలే అంది.

ఈ వేసవిలో, మళ్లీ బాపట్లలో, మళ్లీ అదే సత్రంలో సభ పెట్టారు. ఈసారి ఆడవాళ్లని కూడా లోపలికి రానిచ్చారు. మా ఆయన లేచి అరగంట మాట్లాడారు. కాలం మారిందన్నారు, చట్టాలు మారాయన్నారు, పట్నాల్లో పెద్ద కులాలవాళ్లే మళ్లీ పెళ్లిళ్లు చేస్తుంటే మనం వెనకబడి ఉండకూడదన్నారు. బాగా మాట్లాడారు. పద్నాలుగేళ్ల కిందట కూడా ఇక్కడే ఇంత బాగానే మాట్లాడి ఉంటారు. తాతయ్య, గంగరత్నం వచ్చిందా అని అడిగాడు. వదిన వెనక వరసలోంచి లేచి నిలబడింది.

"ఎత్తెయ్యండి తాతయ్యా. పిల్ల బతకాలి. కాకపోతే ఒక్క మాట. అప్పుడెందుకు పెట్టారో చెప్పి ఎత్తెయ్యండి."

 అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అప్పటి కాలం అట్టాంటిది అక్కా. ఇప్పుడు మారింది" అన్నారు.

"అమ్మ కాలంలో ఉన్నదే గదరా ఇది. కొత్తగా ఏం మారిందంట?"

 వదిన జవాబు కోసం ఎక్కువసేపు నిలబడలేదు. సరే, రాసుకోండి అని కూర్చుంది. రాయడానికి పుస్తకం తెచ్చి మా ఆయన అలవాటుగా నా ముందు పెట్టారు. నేను ముట్టుకోలేదు. ఎవరో కుర్రవాడు రాశాడు. రెండు ముక్కల్లో అయిపోయింది. నాలుగో తీర్మానం రద్దు చేయడమైనది, అంతే. ఎందుకు పెట్టిందీ, ఎందుకు తీసిందీ, మధ్యలో ఎవరి బతుకు పోయిందీ ఏమీ లేదు.

తర్వాత వరండాలో భోజనాలు పెట్టారు. ఆయన మొహం తేటపడింది. మూడేళ్లుగా నేను చూడని మొహం అది. వియ్యంకుడు కాబోయేవాడితో నవ్వుతూ మాట్లాడి వచ్చి, వదిన విస్తరి దగ్గర గొంతుక్కూర్చున్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను పక్కనే ఉన్నాను, ఆ గొంతులో వంకర ఏమీ లేదు. అదే నాకు అన్నిటికంటే ఘోరంగా తోచింది.

"అక్కా, ఇప్పుడు నీకూ ఏ అడ్డం లేదు" అన్నారు.

వదిన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. కోపం ఏమీ లేదు ఆమె మొహంలో.

"సింగయ్య కూతురికి మొన్న కొడుకు పుట్టాడు తమ్ముడూ. బాలింతకి పాలు పడాలని పాలసొర చేపలు నేనే ఏరి పంపాను" అంది.

 వదిన మజ్జిగ పోయించుకుని, అన్నం కలుపుకుంటూ, కృష్ణవేణి పెళ్లి ఏ తారీకున అనుకుంటున్నారని అడిగింది. ఆ రోజుకి ముందు రోజే మార్కెట్లో చెప్పి పెట్టుకోవాలంది. ఆయన నోరు తెరిచారు గాని తారీకు చెప్పలేకపోయారు. నేనే చెప్పాను.